అవతలి గట్టున దిగిన మంచం

ఆ శనివారం పొద్దున యోలెన్ లేచీ లేవగానే తల దూలానికి కొట్టుకుంది. పెళ్ళయి అయిదు వారాలైంది. ఈ అయిదు వారాల్లో ఇది తొమ్మిదోసారి.

"ఎన్నోదీ?" కింది పడక మీంచి ఫ్రెడో గొంతు వినిపించింది.

"తొమ్మిది," అంది నుదురు రుద్దుకుంటూ. "పదోది ఉండదు. ఇవాళ నా మంచం వస్తోంది."

"మన మంచం."

"వచ్చాక మనది. అయిదు వారాలుగా రప్పించలేనివాడికి ముందే వాటా ఎందుకు?"

ఫ్రెడో నవ్వాడు. ఆ నవ్వు చూడటానికి యోలెన్ పైనుంచి తల కిందికి వేలాడేసింది. కొత్త మొగుడి మొహాన్ని పొద్దున్నే తలకిందులుగా చూడటంలో ఒక సరదా ఉంది. కానీ సరదాకైనా హద్దుండాలి కదా అనిపించి తల పైకి లాక్కుంది. మళ్ళీ దూలం తగిలింది. పదోది కూడా అయిపోయింది.

కనెల్ పల్లెకి రోడ్డు లేదు. దీవి నడుమ కొండల్లో ఉన్న ఈ మఫాత్ లోయలో ఏ పల్లెకీ లేదు. నడవగలిగినవాళ్ళు నడిచి వస్తారు. తక్కినవన్నీ హెలికాప్టర్ కొక్కేనికి వేలాడే వలలో వస్తాయి. గ్యాసు బండలు, బియ్యం బస్తాలు, రేకులు, బీరు, బడి పుస్తకాలు, ఏడాదికోసారి కోడిపిల్లలు. యోలెన్ నిరుడు నడిచే వచ్చింది, పల్లెలోని ఒంటిగది బడికి టీచరుగా. పదకొండు మంది పిల్లలు, ఒక నల్లబల్ల, కిటికీలోంచి చూస్తే మూడు జలపాతాలు. వచ్చిన వారానికే బడి కప్పు కారితే బాగుచేయడానికి ఫ్రెడో వచ్చాడు. బాగుచేశాక కూడా వారానికి మూడుసార్లు వచ్చి ఆ కప్పుని చూసిపోయేవాడు. అలా పెళ్ళయింది.

మంచం యోలెన్ వాళ్ళ నాన్న చేశాడు. ఆయన సముద్రం ఒడ్డున సాన్-లూయిలో వడ్రంగి. తేనెరంగు చెక్క తెచ్చి, మూడు నెలలు చిత్రిక పట్టి, ఇద్దరు కాళ్ళూ చేతులూ బారజాపుకుని పడుకోగలిగే మంచం చేశాడు. తర్వాత దాన్ని విడదీసి, ఏ ముక్క ఎటు తగలాలో పెన్సిలుతో బాణాలు గీసి, పరుపుతో సహా ప్లాస్టిక్కులో చుట్టి, రోడ్డు చివర హెలికాప్టర్ మైదానం దగ్గర దింపిపోయాడు. అక్కడినుంచి కనెల్‌కి గాల్లో ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాలకే అయిదు వారాలు పట్టింది.

మంచం రాకపోతే ఏం పోయింది అంటే, గది పోయింది. అత్తగారు జినెత్ ట్రెక్కింగ్ వాళ్ళకి బస నడుపుతుంది. రెండు పెద్ద గదులు, ఆడవాళ్ళకొకటి, మగవాళ్ళకొకటి. మూడోది చిన్నది, రెండు బంకు మంచాలు, నాలుగు పడకలు. పెళ్ళయ్యాక కొత్త జంటకి ఆ చిన్నగది ఇచ్చింది. ఇచ్చిందంటే, ఖాళీగా ఉన్న రోజున ఇచ్చింది. బస నిండిన రోజున యోలెన్ ఆడవాళ్ళ గదిలోకి పోయి, బెల్జియం నుంచి వచ్చిన పెద్దమ్మల గురకల మధ్య పడుకునేది. ఫ్రెడో వంటింట్లో బియ్యం బస్తాల పక్కన పడుకునేవాడు. డిసెంబరు వచ్చాక వారంలో సగం రాత్రులు బస నిండుతోంది.

యోలెన్ కాఫీకి వంటింట్లోకి వెళ్ళేసరికి జినెత్ కట్టెలపొయ్యి ముందు కూర్చుని కూరకి షూషూ కాయలు చెక్కు తీస్తోంది. మనిషి పొట్టి, గొంతు మాత్రం లోయ అంతా వినిపిస్తుంది.

"వచ్చావా పిల్లా. మంచి కబురు. ఇంకో నలుగురు వస్తున్నారు ఇవాళ. మొత్తం పదహారు మంది."

"నలుగురినీ ఎక్కడ వేస్తారు అత్తయ్యా?"

"ఎక్కడేమిటి, చిన్నగదిలో."

"అది మా గది."

"మీ గదే. నేను కాదన్నానా? ఒక్క రాత్రికి."

"మొన్న కూడా ఒక్క రాత్రికే అన్నారు. దానికి ముందు మంగళవారం కూడా."

"రాత్రులన్నీ ఒక్కొక్కటే కదమ్మా వచ్చేది," అంది జినెత్ కాయ తిప్పుతూ. "చూడు యోలెన్, నా లెక్క మొదటినుంచీ ఒక్కటే. బంకులున్న గది బసది. పెద్ద మంచం ఉన్న గది ఇంటిది. నీ పెద్ద మంచం ఆ గదిలోకి వస్తే, బంకులు తీసేసి తాళం నీ చేతికిస్తా. భోజనాల వేళకి వచ్చిందా, గది నీది. రాలేదా, నలుగురు మనుషులు నాలుగు పడకలు."

"ఇవాళ వస్తుంది. నాలుగో వల మాదే."

"ఆహా. పోయిన వారం కూడా నాలుగో వల మీదే."

యోలెన్‌కి ఒళ్ళు మండింది. మండటానికి కారణం ఉంది. హెలికాప్టర్ వచ్చే ముందు రోజు సాయంత్రం ఎవరి వల ఎన్నోదో చీటీలు తీస్తారు. పొద్దున పది దాటితే లోయలోకి పొగమంచు దిగుతుంది కనుక అయిదో ఆరో వలల తర్వాత హెలికాప్టర్ ఇంటికి పోతుంది. ఫ్రెడోది మంచి చెయ్యి, ప్రతిసారీ అయిదులోపు చీటీయే వస్తుంది. కానీ ఫ్రెడోది మొహమాటం కూడా. ఎవరైనా అడిగితే కాదనలేడు. మొదటి వారం మంచు వల్ల ఆగింది, సరే. రెండో వారం పక్కింటాయన రేకులకి వంతు ఇచ్చేశాడు. మూడో వారం చర్చి కుర్చీలకి ఇచ్చేశాడు. నాలుగో వారం మేకల దాణాకి. మేకలకి! బళ్ళో పిల్లలు హెలికాప్టర్ బొమ్మ వేస్తే కింద వలలో మేక పరుపు మీద పడుకున్నట్టు వేశారు. టీచరమ్మ సంసారం మొత్తం డ్రాయింగు పుస్తకాల్లో ఉంది.

హెలికాప్టర్ గడ్డి దగ్గరికి ఆమె వెళ్ళేసరికి పల్లెలో సగం మంది అక్కడే ఉన్నారు. సరుకులు దించే చోట గడ్డి మధ్యలో ఎర్ర గుడ్డ పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి ఉంది. ఆ ఎర్రగుడ్డ కనబడిన చోటే పైలట్ వల దించుతాడు. దాని బాధ్యత ఫ్రెడో వాళ్ళ చిన్నాన్న ఎక్స్‌పెదిది. అడిగిన పని ఆ పూటే చేసిపెట్టే సెయింటు పేరు అది. దీవి అంతటా రోడ్ల పక్కన ఆయనకి ఎర్రటి చిన్న గుళ్ళుంటాయి. ఈ ఎక్స్‌పెది మాత్రం నిరుడు ఆమె బడికి ఇస్తానన్న బెంచీ ఇప్పటికీ "రేపు" చేస్తున్నాడు. చేతికి రేడియో కూడా ఇచ్చారు, పైలట్‌తో మాట్లాడటానికి. అది ఛార్జింగ్ లేక ఇంట్లో మేకుకి వేలాడుతోంది.

మొదటి వల వచ్చింది, గ్యాసు బండలు. రెండోది వచ్చింది, సిమెంటు. మూడోది బియ్యం, బీరు, ఎవరివో మూడు పెట్టెల లిచీ పళ్ళు. ఎక్స్‌పెది ఒక పెట్టె విప్పి తలా గుప్పెడు పంచాడు. సీజన్‌లో మొదటి లిచీలు. యోలెన్ ఒక్కటి ఒలిచి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. ఇవాళ అన్నీ కలిసొస్తాయి అనిపించింది. కళ్ళు తెరిచి ఎర్రగుడ్డ వైపు చూసింది. మూడు వలల దుమ్ము, సిమెంటు పొడి, పొద్దున్నించీ దాని మీదే తిరుగుతున్న కోళ్ళ రెట్టలు.

"చిన్న మావయ్యా," అంది, "ఆ గుడ్డ మీదా నా పరుపు దించేది?"

"ప్లాస్టిక్కులో ఉంటుంది కదమ్మా."

"ప్లాస్టిక్కు చిరిగితే? మా నాన్న మూడు నెలలు చేసిన మంచం. ఒక్కసారి దులిపి వేయండి మావయ్యా, మీకు పుణ్యముంటుంది."

ఎక్స్‌పెది గుడ్డ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. పెళ్ళికూతురి మాట. జీవితంలో మొదటిసారిగా ఆయన అడిగిన పని అడిగిన వెంటనే చేశాడు. రాళ్ళు తీసి, గుడ్డ ఎత్తి, దులిపితే పోనివాటిని కడుగుదామని పైపు దగ్గరికి పట్టుకుపోయాడు.

సరిగ్గా అప్పుడే కొండ మలుపు తిరిగి హెలికాప్టర్ వచ్చింది. కొక్కేనికి వేలాడుతున్న వలలో తెల్లటి పరుపు, దాని పక్కన తేనెరంగు చెక్కలు.

"మంచం!" అని అరిచారు పిల్లలు.

పాత పైలట్ అయితే ప్రతి ఇంటి కప్పూ ఎరుగును. అతను సెలవులో ఉన్నాడు. ఈ కొత్తతనికి రెండు గట్లూ ఒకేలా ఉన్నాయి, పొద్దున్నించీ ఎర్రగుడ్డే గుర్తు. గడ్డి మీద ఒక చుట్టు తిరిగాడు. ఎర్రగుడ్డ లేదు. ఇంకో చుట్టు తిరిగాడు. కనెల్‌కి ఎదురుగా, సన్నటి లోయకి అవతలి గట్టు మీద సోలే పల్లె ఉంది. గట్టిగా కేకేస్తే వినబడేంత దూరం. కాలినడకన మాత్రం దిగడానికి గంట, ఎక్కడానికి గంట. అక్కడ జెర్మెన్ బస ముందు గడ్డి మీద ఎర్రటి దుప్పట్లు బారుగా ఎండలో ఆరేసి ఉన్నాయి.

"వద్దు," అంది యోలెన్. "వద్దు వద్దు వద్దు."

హెలికాప్టర్ ముక్కు అటు తిరిగింది.

"మావయ్యా! గుడ్డ!"

ఎక్స్‌పెది తడిగుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఫ్రెడో చొక్కా విప్పి ఊపాడు. చొక్కా నీలంది. పిల్లలందరూ చేతులు ఊపారు. పైలట్ కిటికీలోంచి చూసి, ఎంత మంచి మనుషులో అనుకున్నాడేమో, తనూ చెయ్యి ఊపాడు. ఊపి, అవతలి గట్టు మీద ఎర్ర దుప్పట్ల నడిమధ్యన యోలెన్ మంచాన్ని పువ్వులా దించి, కొక్కెం విడిచి, రోడ్డు వైపు వెళ్ళిపోయాడు. అతని వెనకే కొండ భుజం మీంచి మంచు మొదటి పాయ కిందికి జారింది.

అవతలినుంచి ఒక గొంతు మోగింది. జెర్మెన్‌ది. ఆమె జినెత్‌కి స్వయానా అక్క. ఇద్దరివీ బసలే. ట్రెక్కింగ్ వాళ్ళ కోసం ఇరవై ఏళ్ళుగా పోటీ.

"జినెత్తూ! ఈ పరుపెవరిదే? నా పుట్టినరోజు మార్చిలో కదే!"

జినెత్ వంటింటి గుమ్మంలోంచే అంది, "మా కోడలిది! ముట్టుకోకు!"

"ముట్టుకున్నాను! మెత్తగా ఉంది!"

అక్కడ ఇద్దరు మనుషులు అప్పటికే దాని మీద కూర్చుని ఉన్నారు. ఇక్కడినుంచి చీమల్లా కనబడుతున్నారు, కానీ ఒక చీమ ఎగిరెగిరి కూర్చోవడం స్పష్టంగా తెలుస్తోంది.

"మళ్ళీ హెలికాప్టర్ ఎప్పుడు?" అడిగింది యోలెన్.

ఎక్స్‌పెది తడిగుడ్డ పిండుతూ, "వీళ్ళు పండగ సెలవులకి ఆపేస్తున్నారమ్మా. మూడు వారాలు," అన్నాడు. "కానీ గుడ్డ మాత్రం శుభ్రంగా అయ్యింది."

జినెత్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, పెద్ద మనసుతో, "పోన్లే పిల్లా, మూడు వారాలే కదా. ఆడవాళ్ళ గదిలో కిటికీ పక్క పడక నీకే ఉంచుతాలే," అంది.

యోలెన్ కాళ్ళకున్న రబ్బరు చెప్పులు విప్పి, గుమ్మం పక్కనున్న బూట్లు తొడుక్కుని, లోయలోకి దిగే దారి పట్టింది.

"ఎక్కడికి?" అన్నాడు ఫ్రెడో.

"నా మంచం దగ్గరికి."

"యోలీ, అది నలభై కిలోల చెక్క. పరుపు వేరే."

"నువ్వొస్తావా, నన్నొక్కదాన్నే మోసుకోమంటావా?"

చొక్కా తిరగేసి తొడుక్కుంటూ ఫ్రెడో వెనకే పరిగెత్తాడు.

దారి మెట్లుమెట్లుగా, కర్రలు పాతిన మలుపులుగా కిందికి పోతుంది. మొదటి పావుగంట యోలెన్ మాట్లాడలేదు. రెండో పావుగంటంతా ఆమే మాట్లాడింది.

"రేకులు! ఆయనకేం తొందర? పాతరేకులు పదేళ్ళు కారాయి, ఇంకో వారం కారలేవా? కుర్చీలు! చర్చిలో నిలబడి ప్రార్థిస్తే దేవుడు వినడా? అవన్నీ పోనీ. మేకలు! నా చదువు, నా ఉద్యోగం, నా పెళ్ళి, అన్నీ కలిపి మేకల తర్వాతా?"

"మేకలు చిన్నాన్నవి. ఆయన అడిగాడు కదా..."

"ఎవరడిగినా నీకు 'కదా'నే. నీకు 'కాదు' అనే మాట బళ్ళో నేర్పలేదా? నా దగ్గరికి రా, మొదటి తరగతిలో కూర్చోబెడతా."

"గుడ్డ దులపమన్నది నేను కాదు కదా," అన్నాడు ఫ్రెడో నెమ్మదిగా.

యోలెన్ ఆగి వెనక్కి తిరిగింది. అతన్ని ఒక్క చూపు చూసి మళ్ళీ నడిచింది. ముందర దారి మీద తెక్-తెక్ పిట్ట ఒకటి గెంతుతూ, ఆగుతూ, వీళ్ళు దగ్గరికి రాగానే మళ్ళీ పది అడుగులు గెంతుతూ దారి చూపిస్తున్నట్టు పోతోంది. గుప్పెడంత పిట్ట. కోపంగా ఉన్నప్పుడు ఇలాంటివి కనబడకూడదు. నవ్వొచ్చేస్తుంది. ఆమె పళ్ళు బిగించి నవ్వుని ఆపుకుంది.

ఏటి దగ్గర రాళ్ళ మీద నలుగురు కూర్చుని కాళ్ళు నీళ్ళల్లో పెట్టుకుని ఉన్నారు. పెద్ద సంచులు, ఎర్రగా కందిన ముక్కులు.

"కనెల్ ఇంకా ఎంత దూరమండీ?" అడిగిందొకావిడ. "జినెత్ గారి బసలో మాకు చిన్నగది ఇచ్చారు. చాలా ముచ్చటగా ఉంటుందట."

యోలెన్ ఆవిడ వైపు చూసింది. ఈవిడ తప్పేముంది? "గంట నడక," అంది. "పైపడక తీసుకున్నవాళ్ళు మెల్లగా లేవండి. దూలం ఉంటుంది."

"అయ్యో, అంత వివరంగా చెప్పారు, థాంక్సండీ!"

ఏరు దాటాక ఎక్కుడు. మంచు తలపైకి దిగింది, చెట్ల చివర్లు కనబడటం మానేశాయి. సగం ఎక్కాక ఫ్రెడో అన్నాడు:

"ఒకటి చెప్పనా? తిట్టకూడదు."

"అయితే తప్పకుండా తిట్టే విషయమే. చెప్పు."

"ఇవాల్టి వంతు కూడా నిన్న సాయంత్రం ఇచ్చేశాను. పైవీధి తోటాయన నీళ్ళ ట్యాంకుకి."

యోలెన్ దారి పక్క రాయి మీద కూలబడింది.

"ఉండు, పూర్తిగా విను. రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున లేచి, ఆయన తలుపు కొట్టి, 'తాతా, నా వంతు నాకిచ్చెయ్యి' అన్నాను."

"నువ్వా?"

"నేనే. ఇస్తానన్నదాన్ని వెనక్కి అడగడం నాకు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. ఆయన కాఫీ ఇచ్చి, 'ఇంకా అడగలేదేమిటా అని చూస్తున్నానురా, మీ మంచం సంగతి పల్లె అంతా ఎరుగును' అన్నాడు."

యోలెన్ లేచి, అతని చొక్కా పట్టుకుని, "ముందు ఇది తిన్నగా తొడుక్కో. కుట్లన్నీ పైకున్నాయి. మీ పెద్దమ్మ చూస్తే ఏమనుకుంటుంది?" అంది. కానీ చొక్కా వెంటనే వదల్లేదు.

సోలే పల్లె చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దుప్పట్లు లోపలికి తీసేశారు. గడ్డి మీద వల ఖాళీగా పడి ఉంది.

"మంచమేది పెద్దత్తయ్యా?" అంది యోలెన్.

జెర్మెన్ నడుం మీద చేతులు పెట్టుకుని గర్వంగా నవ్వింది. చెల్లెలికన్నా పొడుగు, గొంతు మాత్రం అదే. "లోపలికి రా, చూపిస్తా."

వెనక గదిలో మంచం బిగించేసి ఉంది. నాలుగు కాళ్ళూ, తలవైపు చెక్క, దాని మీద పరుపు, పరుపు మీద ఇస్త్రీ దుప్పటి, రెండు దిళ్ళు. దిండు పక్కన గాజు సీసాలో జెరానియం కొమ్మ.

"ముక్కలు ముక్కలుగా చూడలేకపోయానమ్మా," అంది జెర్మెన్. "మీ నాన్న బాణాలు వేశాడు కదా, మా వాళ్ళు ముప్పావు గంటలో బిగించేశారు. ఎంత ముద్దుగా ఉందో! గట్టిదేనా కాదా అని ముగ్గురం ఎక్కి చూశాం కూడా."

"మేం పట్టుకుపోదామని వచ్చాం," అంది యోలెన్ ఏడుపు గొంతుతో. "మళ్ళీ విప్పాలి."

"ఇప్పుడా?" జెర్మెన్ తలుపు తీసింది. బయట ఏమీ లేదు. గడ్డి లేదు, దారి లేదు, లోయ లేదు. తెల్లగా మంచు, అందులో చినుకుల చప్పుడు. "ఈ మంచులో ఈ చెక్కలు మోసుకుని ఏట్లోకి దిగుతారా? రేపు పొద్దున్న మావాళ్ళు నలుగురు వచ్చి మోస్తారు. ఇవాళ్టికి ఇక్కడే ఉండండి. గది మీది. తలుపుకి గొళ్ళెం కూడా ఉంది," అంది. ఆఖరి మాటకి ఆమె కన్ను గీటింది.

యోలెన్ ఫ్రెడో వైపు చూసింది. ఫ్రెడో పరుపు వైపు చూస్తున్నాడు.

అయిదు దాటుతుండగా మంచులోంచి జినెత్ గొంతు వచ్చింది. మనిషి కనబడదు, పల్లె కనబడదు, గొంతు మాత్రం పక్కగదిలోంచి వచ్చినట్టుంది.

"ఫ్రెడో! ఒరేయ్ ఫ్రెడో! ఎక్కడున్నార్రా? పదహారు మంది కూర్చున్నారు! అన్నం వడ్డించేదెవరు? దీపాలు పట్టుకుని దిగి రండి!"

ఫ్రెడో గడ్డి మీదికి వెళ్ళాడు. యోలెన్ గుమ్మంలో ఆగిపోయింది. తను అరవవచ్చు. తనకి గొంతుంది, రోజూ పదకొండు మందిని అదిలించే గొంతు. కానీ ఆమె అరవలేదు. చేతులు కట్టుకుని నిలబడింది. ఈ గది తనకి ఒక రాత్రికి దొరికింది. లోయ అవతలి గది రేపటినుంచి దొరుకుతుందా లేదా అన్నది, ఆ గడ్డి మీద నిలబడ్డ మనిషి నోట్లోంచి ఇప్పుడు ఏ మాట వస్తుందో దాన్ని బట్టి ఉంది. అది అతనికీ తెలుసు. చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మా!" అన్నాడు. "మంచు బాగా ఉంది!"

"మంచు ఎప్పుడు లేదురా? చిన్నప్పట్నించీ నడిచిన దారే కదా! రా!"

"అంటే... కదా..." అన్నాడు ఫ్రెడో. ఆగాడు. ఊపిరి పీల్చుకున్నాడు. "రామమ్మా! రాము! ఇవాళ రాము!"

లోయ ఆ మాటని మూడుసార్లు తిప్పి చెప్పింది. రాము, రాము, రాము.

అవతలినుంచి, మునుపెన్నడూ వినని మాటని సరిచూసుకుంటున్నట్టు, "ఏమన్నావూ?"

"రామన్నాను! పొద్దున్న మంచం తీసుకుని వస్తాం! వచ్చేసరికి చిన్నగదిలో బంకులు ఉండకూడదు! ఉంటే మంచంతో సహా ఇక్కడే ఉండిపోతాం! యోలీ ఇక్కడినుంచే బడికి నడుస్తుంది! పెద్దమ్మ గది ఇస్తానంటోంది!"

"అన్నానా?" అంది జెర్మెన్ యోలెన్ చెవిలో, ఆనందంగా. వెంటనే గొంతెత్తింది. "అవునే జినెత్తూ! ఇస్తానన్నాను! కొడుకునీ కోడల్నీ నేనే ఉంచుకుంటా! మంచం కూడా భలే ఉంది!"

కనెల్ వైపు నుంచి కలకలం, ఎవరో దగ్గిన చప్పుడు, ఎక్స్‌పెది గొంతు: "తీసెయ్యి వదినా, నేనే విప్పుతాను." ఎవరో, "ఎప్పుడు, రేపా?" అన్నారు. నవ్వులు వినిపించాయి.

"సరే!" అంది జినెత్ చివరికి. అక్క ముందు ఓడటంకన్నా బంకులు వదులుకోవడమే నయమని ఆ ఒక్క మాటలోనే తెలిసిపోయింది. "రేపు పొద్దున్నే తీయిస్తా! పదహారు మంది సాక్షులు! సరేనా యోలెన్?"

"సరే అత్తయ్యా!" అంది యోలెన్.

"తాళం కూడా ఇస్తా! కానీ వచ్చేవారం ఆరుగురు ఆడవాళ్ళు, అయిదుగురు మగవాళ్ళు, ఇంకో మూడు జంటలు చెప్పారు! వాళ్ళనెక్కడ పడుకోబెట్టను, చెప్పండి!"

"నీ గదిలో పడుకోబెట్టవే!" అంది జెర్మెన్, రెండు పల్లెలకీ వినబడేలా. "అంత పెద్ద మంచం, ఒక్కదానివే దొర్లుతున్నావు!"

మంచుకి అటువైపు పిల్లలు, పెద్దలు, ముక్కులు కందిన పదహారు మంది, అందరూ ఒక్కసారి నవ్వారు. ఆఖరికి జినెత్ నవ్వు కూడా వినిపించింది, మిగతా అన్నిటికన్నా పైస్థాయిలో.

ఫ్రెడో గుమ్మం దగ్గరికి వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది.

"గట్టిగా అన్నానా?" అడిగాడు. "బాధపడి ఉంటుందా అమ్మ?"

"పడలేదు. నవ్వింది, విన్లేదూ?" యోలెన్ అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. "నాకొకసారి మళ్ళీ చెప్పవా, ఆ మాట?"

"ఏ మాట?"

"రామమ్మా అన్నావే, అది."

"రాము," అన్నాడు ఫ్రెడో సిగ్గుగా.

బయట జెర్మెన్ వాకిట్లోంచి, "కూర వేడిగా ఉంది, తింటారా మీరిద్దరూ?" అని అడిగింది. ఇంకోసారి అడిగింది. లోపల గొళ్ళెం పడిన చప్పుడు విని, "సరేలే, మూతపెట్టి ఉంచుతా," అనుకుంటూ వెళ్ళిపోయింది.